పోయిన దినము మళ్ళా వస్తే

పోచంపల్లి అని మా ఊరి పేరు చెప్పగానే హైదరాబాదు బంధువులు అడిగే మొదటి ప్రశ్న ఒకటే: “అక్కడ చీరలు ఏ ధరకు దొరుకుతవి?” ఆ పోచంపల్లి వేరు, మా పోచంపల్లి వేరు. అది తెలంగాణములో నేతకు పేరు పొందిన ఊరు. 1951లో వినోబా భావేగారి భూదానోద్యమము అక్కడ పుట్టినది. మాది తమిళనాడులో కృష్ణగిరి జిల్లాకు చేరిన తాలూకా కేంద్రము. మాకు చీరలు లేవు. మామిడి తోపులు ఉన్నవి, సంత ఉన్నది, బారూరు చెరువు దగ్గర ఉన్నది. ఒకే పేరు గల ఊళ్ళు రెండు. ఒకదానిలో అడుగు పెట్టినవాడు రెండవదానిలో ఉన్నాననుకొంటే ఎట్లుండును? ఈ మాట ఊరకే ఎత్తలేదు. మేము చెప్పబోయే సంగతి కూడ ఇట్టి తికమకదే. కాకుంటే అక్కడ రెండైనది ఊరు కాదు, దినము.

2021 జూలై 16వ తేదీన “కుడి ఎడమైతే” అనే తెలుగు సీరియల్ ఆహా వారి ద్వారా వచ్చినది. ఇది మేడమీద యాంటెన్నా పెట్టి చూచే టెలివిజన్ కాదు. సెల్‌ఫోనులో గాని, ఇంటర్నెట్టు తగిలించిన పెట్టెలో గాని చూడవలెను. మొదటి విడత ఎనిమిది భాగములు. దీనిని వైజ్ఞానిక కల్పన అంటారు. జరుగని దానిని జరిగినట్లు ఊహించి, ఆ ఊహలో తర్కము తప్పకుండ కథ నడుపుట ఆ కల్పన లక్షణము. తెలుగులో అట్టి సీరియళ్ళు వ్రేళ్ళమీద లెక్కించదగినవి. కనుక దానిని మన ఇండ్లలో ఎట్లు చూచినారు, ఏమనుకొన్నారు, ఆ అనుకొన్నదానివలన ఏమి జరిగినది అని వ్రాయుటకు పూనుకొన్నాము. సినిమా విమర్శకు మేము తగము. మెట్రిక్యులేషన్‌తో చదువు ముగించి, ఆఫీసులో ఫైళ్ళు కట్టుకొని బ్రతుకుతున్నవారము. చూచినది చెప్పగలము, అంతే.

ఒక ఫోను, అయిదు తలలు

ఆ జూలై ఎట్టిదో పాఠకులకు జ్ఞాపకము చేయనక్కరలేదు. కరోనా రెండవ అల అప్పుడప్పుడే తగ్గినది. బడులు మూసి ఉండెను. పిల్లలకు పాఠాలు ఫోనులోనే. కుప్పములో ఉండే మా బావమరిది ఒకనాటి రాత్రి ఫోను చేసి, “బావా, తెలుగులో ఒక వింత కథ వచ్చింది, అక్కతో కూడ చూడు. కొంచెము మనసు మళ్ళుతుంది,” అన్నాడు. ఆ మనసు మళ్ళించుకొనే అవసరము ఏమిటో వెనుక చెప్పుదుము.

మా ఇంటి వసారాలో నీళ్ళ బిందెకు ఆనించి ఫోను నిలబెట్టినాము. దాని ముందు అయిదు తలలు: మా అమ్మ, మా శ్రీమతి, పదవ తరగతికి వచ్చిన కూతురు, పదేండ్ల కొడుకు, మేము. కథ ఇది. దుర్గ అనే ఆమె పోలీసు ఇన్‌స్పెక్టరు. పిల్లల అపహరణ కేసు ఆమె చేతిలో ఉన్నది. ఆది అనే కుర్రవాడు ఇండ్లకు భోజనము అందించే ఉద్యోగము చేస్తూ, సినిమాలో వేషము కోసము తిరుగుతుంటాడు. ఒకరికొకరు ఏమీ కారు. ఒక ప్రమాదము జరుగుతుంది. కన్ను తెరిస్తే గడిచిపోయిన దినమే మళ్ళా మొదలు! తక్కినవారెవరికీ అది తెలియదు, వీరిద్దరికే జ్ఞాపకము. ఆ దినమును దిద్దబోతే ఒకచోట సరియైనది ఇంకొకచోట చెడుతుంది. తరువాతి కథ చెప్పము; చూడనివారి శాపము మాకు వద్దు.

దుర్గగా అమలా పాల్, ఆదిగా రాహుల్ విజయ్ నటించినారు. దర్శకుడు పవన్ కుమార్. కన్నడములో “లూసియా” తీసినవారు. అంటే తెలుగు కథకు దర్శకుడు కన్నడిగుడు, నాయిక మలయాళపు పిల్ల, ఆమెను మనము మొదట మెచ్చుకొన్నది “మైనా” అనే తమిళ చిత్రములో. హొసూరు, కృష్ణగిరి ప్రాంతపు వారికి ఇందులో వింత లేదు. మన సంతలో బేరము తెలుగులో మొదలై, కన్నడములో పెరిగి, తమిళములో తెగుతుంది గదా!

ఎవరి అభిప్రాయము వారిది

మా అమ్మకు డెబ్బది దాటినవి. సీరియల్ పేరు వినగానే 1953 నాటి “దేవదాసు”లో ఘంటసాలగారు పాడిన పాట కూనిరాగము తీసినది. ఆ చిత్రము తెలుగులోను తమిళములోను తీసినారు. ఆమెకు రెండును తెలుసు. రెండవ భాగము అయ్యేసరికి, “ఏందిరా ఇది, ఒగే దినము మళ్ళా మళ్ళా వస్తా ఉంది? ఇది రేవతి కథ మాదిరి ఉందే!” అన్నది.

పిల్లలు తెల్లబోయినారు. “ఏ రేవతి అవ్వా?”

ఆమె ఫోను ఆపించి భాగవతములోని కథ చెప్పినది. కకుద్మి అనే రాజు తన కూతురు రేవతికి తగిన వరుడెవడో అడుగుదామని బ్రహ్మలోకమునకు పోయినాడు. అక్కడ గానము జరుగుతుండెను. ముగియువరకు నిలిచి, తరువాత అడిగినాడు. బ్రహ్మ నవ్వి, “నీవు ఇక్కడ నిలిచిన ఈ కొంచెము సేపులో భూమిమీద ఇరువదియేడు మహాయుగములు గడిచిపోయినవి. నీవు తలచిన వరులెవరూ లేరు,” అన్నాడట. కడకు రేవతిని బలరామునికి ఇచ్చినారు. “‘మాయాబజారు’లో ఛాయాదేవి వేసింది చూడండి, ఆ రేవతే,” అని మా అమ్మ ముగించినది.

మా అమ్మాయి సైన్సు పుస్తకము తెచ్చినట్లు ముఖము పెట్టి, “అవ్వా, ఒకచోట కాలము మెల్లగా, ఇంకొకచోట వేగముగా పోతుందని ఐన్‌స్టీన్ కూడ చెప్పినాడు,” అన్నది. “చెప్పనీ. మనవాండ్లు కథగా చెప్పినారు, ఆయన లెక్కగా చెప్పినాడు,” అని అవ్వ జవాబు. దానిపైన అరగంట వాదము. ఒక మాట గమనించినాము. ఆ వాదము మొత్తము తెలుగులోనే జరిగినది.

మా అమ్మాయికి సీరియల్ మీద ఫిర్యాదులు లేకపోలేదు. ఆ దినము ఎందుకు తిరిగి వస్తున్నదో పూర్తిగా విప్పి చెప్పలేదట. మధ్య భాగములలో కథ కాళ్ళీడ్చినదట. చూచినదే మళ్ళా చూపితే విసుగు రాదా అన్నది. అది న్యాయమే. మళ్ళా వచ్చే దినములో మొదట చూపని చిన్న సంగతి ఏదో ఒకటి బయటపడుతూ ఉంటేనే ఇట్టి కథకు ప్రాణము. అది ఉన్న భాగాలు మమ్ములను కదలనీయలేదు, లేనిచోట మా శ్రీమతి లేచిపోయి పాలు తోడుపెట్టి వచ్చినది.

మా శ్రీమతికి దుర్గ నచ్చినది. “ఆమె తప్పు చేస్తుంది, దిద్దుకొంటుంది, మళ్ళా తప్పు చేస్తుంది. దేవత మాదిరి చూపలేదు. అదే బాగుంది,” అన్నది. ఆ సంవత్సరమే మా పోచంపల్లిలో ఓలా వారి విద్యుత్తు స్కూటర్ల కర్మాగారము అయిదువందల ఎకరాలలో లేచినది. సెప్టెంబరులో ఆ సంస్థవారు పదివేలమంది స్త్రీలే దానిని నడుపుతారని ప్రకటించినారు. ఆ వార్త చదివి ఆమె, “దుర్గలు మన ఊరికే వస్తారు,” అన్నది. అది విని మా అబ్బాయి, “అక్కడ కాలయంత్రము కూడ చేస్తారా నాయనా?” అని అడిగినాడు. వాడికి కొన్ని కఠినమైన ఘట్టములలో కండ్లు మూసుకొమ్మని చెప్పినాము. మూసుకొన్నాడు గాని వ్రేళ్ళ సందున చూచినాడు. మా అమ్మ సందేహము మాత్రము తుదివరకు తీరలేదు: “ఆ పిల్లోడు అన్ని ఇండ్లకూ అన్నము మోస్తాడే, ఆ ఇండ్లలో ఎవరూ వండుకోరా?”

ఎదుటి బల్ల మనిషి

ఇంటి సంగతి ఇట్లుండగా ఆఫీసులో ఒకటి జరిగినది. మధ్యాహ్నము టిఫిను డబ్బాలు విప్పుకొన్నప్పుడు మేము ఈ కథను తమిళములో చెప్పుచుంటిమి. మా ఎదుటి బల్లవారు, ఎనిమిదేండ్లుగా మాతో తమిళములోనే మాటాడేవారు, నవ్వి స్వచ్ఛమైన తెలుగులో, “మూడో భాగములో మీరు చెప్పినట్లు కాదండీ, తారుమారు చేసినారు. మా ఇంట్లో అందరము చూస్తిమి,” అన్నారు.

మా చేతిలోని ముద్ద చేతిలోనే ఉండిపోయినది. వారి ఇంట తాతముత్తాతలనాటినుండి తెలుగే. మేమును వారి ముందు తెలుగు మాటాడలేదు, వారును మా ముందు మాటాడలేదు. ఎవరూ వద్దనలేదు, అలవాటు, అంతే. ఎనిమిది సంవత్సరాలు ఒకే ఫ్యాను గాలికి కూర్చొని, ఒక సీరియల్ పుణ్యమా అని ఒకరినొకరు కనుగొన్నాము. ఇప్పుడు మా రెండు ఇండ్ల మధ్య పండుగ పిండివంటలు నడుస్తున్నవి.

లోకములో ఇట్లే

మొదటి విడత చూచినవారు ఊరకుండకపోవుట మన ఇండ్ల వింత కాదు. వైజ్ఞానిక కల్పన సీరియళ్ళు పుట్టిననాటినుండి ఇదే వరుస.

ఇంగ్లండులో “డాక్టర్ హూ” మొదటి భాగము 1963 నవంబరు 23న వచ్చినది. ముందు దినమే అమెరికా అధ్యక్షుడు కెనడీ హత్య జరిగి లోకము దుఃఖములో ఉన్నది. కాలములో ముందుకు వెనుకకు పోయే ముసలాయన కథ అప్పుడెవరికి పట్టును? బి.బి.సి. వారు మరుసటి వారము ఆ భాగమును తిరిగి చూపి, వెంటనే రెండవది చూపినారు. కాలయాత్ర కథకు తన మొదటి దినమే రెండుమారులు వచ్చుట తగియున్నది. ఆ డిసెంబరులో డాలెక్కులు అనే లోహపు గూళ్ళలోని జీవులు ప్రవేశించగా పిల్లలు సోఫాల వెనుక దాగి చూచినారని అక్కడివారు ఈనాటికీ చెప్పుకొంటారు.

అమెరికాలో “స్టార్ ట్రెక్” 1966 సెప్టెంబరు 8న మొదలైనది. అందులో ఉహురా పాత్ర ధరించిన నిషెల్ నికొల్స్ అనే నల్లజాతి నటి మొదటి విడత కాగానే మానుకొందామనుకొన్నది. ఒక సభలో “మీ అభిమాని ఒకరు కలువగోరుతున్నారు” అని పిలిచినారట. పోయి చూస్తే డాక్టర్ మార్టిన్ లూథర్ కింగ్! తన పిల్లలకు రాత్రి మేలుకొని చూడనిచ్చే సీరియల్ అదొక్కటేనని, ఆమె ఆ స్థానములో కనబడుటే తమ జాతికి గౌరవమని, మానవద్దని ఆయన చెప్పినట్లు ఆమె జీవితాంతము చెప్పుకొన్నది. ఆమె మానలేదు. 1968లో ఆ సీరియల్‌ను ఆపుతారని వదంతి పుట్టగా అభిమానులు లక్షకు పైగా ఉత్తరాలు వ్రాసినారంటారు. ఆపబోమని ఆ సంస్థవారు మార్చి 1న తెరమీదనే ప్రకటించవలసి వచ్చినది. ఆ “స్టార్ ట్రెక్”నే 1980లలో మన దూరదర్శన్ వారు ఆదివారములలో చూపినారు.

మన దేశపు అనుభవము “శక్తిమాన్”. 1997 సెప్టెంబరు 13న దూరదర్శన్‌లో మొదలైనది. అప్పుడు మాకు పదిహేడేండ్లు. ఎదురింటివారి వసారాలో ఇరువదిమందిమి కూర్చొని చూచేవారము. హిందీ ఒక్క ముక్క అర్థము కాదు. గిరగిర తిరిగి శక్తిమాన్ లేచిపోతే అరిచేవారము. అయిపోగానే ఎవరి ఇంటికి వారు పోయేవారము. మాటాడుకొనేదానికి ఏమీ ఉండేది కాదు. కొన్ని ఊళ్ళలో పిల్లలు శక్తిమాన్ వచ్చి కాపాడుతాడని నమ్మి ప్రమాదాల పాలైనారని పత్రికలలో వార్తలు వచ్చినవి. ఆ వేషధారి ముఖేష్ ఖన్నా తానే తెరమీదికి వచ్చి, ఇట్టి పనులు చేయవద్దని పిల్లలకు బోధించినాడు. కథ చూచి వదిలిపెట్టకుండ, ఇంటిలో నలుగురు కూర్చొని దాని మంచిచెడ్డలు మాటాడుకొంటే ఆ పిల్లలకు కథ ఏదో నిజమేదో తెలిసియుండును గదా అని మాకిప్పుడు తోచుచున్నది. మాటాడుకొనుటకు భాష కావలెను.

ఈ కల్పన మనకు కొత్తదేమీ కాదు

వైజ్ఞానిక కల్పన పరాయి దేశపు సరుకు అని కొందరు పెద్దలు ముఖము చిట్లించుకొంటారు. వారికి ఒక మాట. 1957లో వచ్చిన “మాయాబజారు”లో ప్రియదర్శిని అనే పెట్టె జ్ఞాపకమున్నదా? మూత తెరిచి చూచినవారికి తమకు ప్రియమైనదే కనబడును. శశిరేఖ చూస్తే దూరమున ఉన్న అభిమన్యుడు కనబడినాడు. మన దేశములో టెలివిజన్ ఢిల్లీలో ప్రయోగముగా మొదలైనది 1959 సెప్టెంబరు 15న. అంటే దేశములో టెలివిజన్ పుట్టుటకు రెండేండ్లు ముందే తెలుగువారు వీడియో కాలు చూచినారన్నమాట! ఆ చిత్రము తీసిన నాగిరెడ్డి, చక్రపాణిగార్లే 1947 జూలైలో “చందమామ”ను తెలుగులోను, “అంబులిమామ”గా తమిళములోను ఒకేసారి మదరాసునుండి ప్రారంభించినారు. మన వంటి రెండు భాషల ఇండ్లకు అంతకంటె తగిన పత్రిక ఏది?

1991 జూలైలో సింగీతం శ్రీనివాసరావుగారి “ఆదిత్య 369” వచ్చినది. కాలయంత్రమెక్కి బాలకృష్ణ 1526 నాటి శ్రీకృష్ణదేవరాయల కొలువుకు, అక్కడనుండి 2504వ సంవత్సరమునకు పోయినాడు. తమిళములో అది “అపూర్వశక్తి 369”. అప్పుడు కాలము దాటుటకు పెద్ద యంత్రము కావలసివచ్చినది. ముప్పదియేండ్లకు, మళ్ళా జూలైలోనే వచ్చిన “కుడి ఎడమైతే”లో రాజులు లేరు, కొలువులు లేవు. పోయేది వేల ఏండ్ల వెనుకకు కాదు, నిన్నటికే. మా అభిప్రాయములో ఇది మరింత కష్టమైన యాత్ర. రాయలవారి కాలములో మనము చేసిన తప్పులు లేవు. నిన్న చేసినవి ఉన్నవి.

మా అమ్మాయి అడిగిన ప్రశ్న

ఎనిమిదవ భాగము ముగిసిన రాత్రి కరెంటు పోయినది. చీకటిలో కూర్చొని ఉండగా మా అమ్మాయి, “మనకు ఒక్క దినము మళ్ళా వస్తే ఎవరెవరు ఏ దినము అడుగుతారు?” అన్నది.

మా అబ్బాయి క్రికెట్టులో తాను మొదటి బంతికే అవుటైన దినము అడిగినాడు. మా అమ్మ, “దిద్దుకొనేదానికి నాకేమీ వద్దు. మీ తాత సంతనుంచి తలమీద గంప పెట్టుకొని వచ్చే ఒక ఆదివారము ఇస్తే, ఊరికే వాకిట్లో నిలబడి చూస్తాను,” అన్నది.

మా శ్రీమతి చాలసేపు పలుకలేదు. తరువాత, “ఏప్రిల్‌లో ఆ శనివారము,” అన్నది. మాకందరికి తెలుసు. ఆ శనివారము కుప్పమునకు పోయి తల్లిని చూచి రావలెననుకొన్నది. మామిడికాయలు దిగినవి, ఆవకాయ పెట్టే పని ఉన్నదని వారము వాయిదా వేసినది. ఆ వారము ఇంకొక వారమైనది. మే 5న ఆంధ్రలో కర్ఫ్యూ, 10న తమిళనాడులో లాక్‌డౌన్. ఆ నెలలోనే మా అత్తగారు పోయినారు. ముప్పది మైళ్ళ దూరము. తల్లి కడసారి ముఖము ఈమె ఇదే ఫోనులో, ఇదే బిందెకు ఆనించి చూచినది. బావమరిది మనసు మళ్ళించుకొమ్మన్నది ఇందుకే. ఆవకాయ జాడీ ఆ సంవత్సరము మేమెవ్వరమును విప్పలేదు.

“నీవు చెప్పు నాయనా,” అన్నది మా అమ్మాయి.

మేము చెప్పినది ఇది. 2012 జూన్‌లో ఆమెను ఒకటవ తరగతిలో చేర్చిన దినము. దరఖాస్తు ఫారము మేమే నింపినాము. పది ఊళ్ళవారికి ఫారములు నింపి పెట్టే చేయి మాది. తండ్రి పేరు, పుట్టిన తేది, ఊరు; తరువాత “మాతృభాష” అనే గడి. మేము “తమిళము” అని వ్రాసినాము. ఎవరూ వ్రాయమనలేదు. ఎవరూ బెదిరించలేదు. 2006 నాటి చట్టము ప్రకారము తమిళము ఎట్లైనా చదువవలసినదే. తెలుగు అని వ్రాస్తే ఏమైనా అడుగుతారేమో, పిల్లకు ఇబ్బందేమో అని ఒక క్షణము తోచినది. తమిళము మాకు అన్నము పెట్టే భాష. దానిమీద మాకు గౌరవమే గాని కోపము లేదు. చదువు తమిళములో సాగుట వేరు, ఇంటి భాష పేరు మార్చి వ్రాయుట వేరు. అంతవరకు మా వంశములో ఎవరూ ఆ గడిలో ఇంకొక మాట వ్రాయలేదు. ఒక గడి, ఒక మాట, సంతకము. అరనిమిషపు పని.

మా అమ్మాయి చీకటిలో, “అందుకేనా నేను నిన్ను బయట అప్పా అని పిలుస్తాను, ఇంట్లో నాయనా అంటాను?” అన్నది. అది నవ్వులకు అన్నదో కాదో తెలియలేదు. కరెంటు వచ్చినది. ఎవరూ లేవలేదు.

మరునాడు ఆమె అవ్వ దగ్గర పలక పెట్టుకొని కూర్చొన్నది. మాటాడుట వచ్చును గాని అక్షరము రాదు. పదవ తరగతి పిల్ల అ ఆలు దిద్దుట చూచి తమ్ముడు నవ్వినాడు, మూడవనాటికి వాడును వచ్చి కూర్చొన్నాడు. ఆమె మొదట కూడబలుక్కొని చదివినది పుస్తకము కాదు, ఫోనులో ఆ సీరియల్ పేరు. పరీక్షల హడావిడిలో నడుమ నెలలపాటు ఆగిపోయినది. ఒత్తులు ఇప్పటికీ తప్పుతుంది. ఇదంతయు సీరియల్ చేసినదని మేము అనము. ఒక కథ ఇంటిలో మాట పుట్టించినది, ఆ మాట ఒక ప్రశ్న పుట్టించినది, తక్కినది అవ్వ చేసినది.

ఈ దినము నిజముగా వచ్చును

సీరియల్‌లో వలె పోయిన దినము ఎవరికీ రాదు. మా శ్రీమతికి ఆ శనివారము రాదు. ఆ మాట మేము ఎరుగుదుము. అయితే మా దినము వంటిది మాత్రము ఒకటి రాబోవుచున్నది. 2021లో జరుగవలసిన జనగణన కరోనా మూలమున ఆగినది. 2025 జూన్‌లో వెలువడిన ప్రకటన ప్రకారము 2027 మార్చి 1 లెక్క తేదీగా జనగణన జరుగవలసి ఉన్నది. ఎన్నో ప్రశ్నల నడుమ “మాతృభాష” అనే ప్రశ్న ఇదివరకటి లెక్కలలో ఉన్నది. అది అడిగినప్పుడు మన వాకిట నిలిచిన మనిషికి ఏమి చెప్పవలెనో మనకు మనమే తెలిసికొని ఉండవలెను. ఒకే ఊరిలో ఎదురెదురు బల్లలవద్ద ఎనిమిదేండ్లు ఒకరినొకరు తెలియక కూర్చొన్న మా వంటివారు ఇంకెందరున్నారో ఆ లెక్క తప్ప ఎవరు చెప్పగలరు?

మా ఇంట ఆ జవాబు చెప్పే పని అమ్మాయికి అప్పగించినాము. మేము ప్రక్కన కూర్చొందుము. ఈసారి మా చేతికి కలము ఇవ్వనని ఆమె ఇప్పుడే హెచ్చరించినది.

“కుడి ఎడమైతే” రెండవ విడతను ఈ వ్యాసము వ్రాయునాటికి మా ఇంట చూడలేదు. వస్తే మళ్ళా బిందెకు ఫోను ఆనించి చూచెదము. ఎదుటి బల్లవారి కుటుంబమును కూడ పిలిచెదము. అన్నము మోసే పిల్లవాడి సంగతి మా అమ్మ మళ్ళా అడుగకమానదు.